అధ్యక్షురాలి ఓటు

ఆ అమ్మాయిని బస్సుల షెడ్డులో అందరూ 'లా పాయింటు' అని పిలిచేవాళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. చిన్నప్పుడు ఒకసారి తండ్రికి క్యారియరు తీసుకొచ్చి, షెడ్డు గోడ మీది నోటీసు కూడబలుక్కుని చదివి, "డ్రైవరు ఆలస్యంగా వస్తే జరిమానా అని రాశారు. బస్సే ఆలస్యంగా ఇస్తే జరిమానా ఎవరికి?" అని మేనేజరు మొహం మీదే అడిగేసింది. మేనేజరు గుటకలు మింగాడు. డ్రైవర్లు పడీపడీ నవ్వారు. తండ్రి నలుగురి ముందూ కూతుర్ని కసురుకుని, సాయంత్రం ఇంటికి వెళ్తూ ఐస్‌క్రీం కొనిపెట్టాడు. ఇక ఆ పిల్ల బాగుపడుతుందా?

బాగుపడలేదు. డిగ్రీలో పొలిటికల్ సైన్సు తీసుకుంది. చుట్టాలంతా పరామర్శకు వచ్చినట్టు వచ్చారు. "డాక్టరు చదివినవాళ్ళు మందిస్తారు, ఇంజనీరు చదివినవాళ్ళు ఇల్లు కడతారు, నువ్వేం చేస్తావే?" అని మేనత్త అడిగితే, "వాళ్ళిద్దరూ సరిగ్గా చేస్తున్నారో లేదో అడుగుతాను అత్తా" అంది. మేనత్త మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. తండ్రి మాత్రం బస్సెక్కిన ప్రతివాళ్ళకూ, వాళ్ళు అడిగినా అడగకపోయినా, "మా అమ్మాయి యూనివర్సిటీలో చదువుతోంది" అని చెప్పేవాడు. ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే గేరు మార్చడంలో మునిగిపోయేవాడు.

మొదటి రెండేళ్ళూ నిర్వచనాలతో గడిచిపోయాయి. రాజ్యమంటే ఏమిటి, సార్వభౌమాధికారమంటే ఏమిటి, ఎవరేమన్నారు. అవి బట్టీ పట్టినవాళ్ళంతా గట్టెక్కారు. మూడో ఏడు వచ్చేసరికి ఆ పప్పులు ఉడకలేదు. చట్టసభల విధానాల పేపరు చెప్పే మేడమ్ బోర్డు మీద ఒకే ఒక్క ప్రశ్న రాసి, సుద్దముక్క కిటికీలో పెట్టి, వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చునేది. ముందు వరసలో మనవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళు. ఎవరో ఒకరు లేచి మాట్లాడితే, "ఎందుకు?" అనేది వెనకనుంచి. దానికి జవాబు చెబితే మళ్ళీ "ఎందుకు?" అనేది. మూడో 'ఎందుకు'కి నిలబడ్డవాళ్ళు తరగతిలో ఇద్దరో ముగ్గురో. లా పాయింటు ఐదోదాని దాకా వెళ్ళేది.

ఆమె సెమినారు పత్రం నిర్ణాయక ఓటు మీద. సభలో రెండు పక్షాలకూ ఓట్లు సమానంగా వస్తే అధ్యక్షస్థానంలో ఉన్నవాళ్ళు వేసే ఓటది. ఆ ఓటు మీద ఆ అమ్మాయికి ఎంత ప్రేమ పుట్టిందంటే, అన్నం తింటూ కూడా దాని గురించే చెప్పేది. "అధ్యక్షుడు తనకు నచ్చినట్టు వెయ్యకూడదమ్మా. సభలో లేని మెజారిటీని తనొక్కడూ పుట్టించకూడదు. అందుకని ఉన్నదాన్ని ఉన్నట్టుంచి, మళ్ళీ మాట్లాడుకోవడానికి వీలుండేలా వెయ్యాలి. అదీ మర్యాద." తల్లి ఊకొట్టేది. పత్రానికి తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి.

అలా చదువు జోరు మీదుండగా షెడ్డులో గొడవ మొదలైంది. బస్సులన్నీ ఒకే యజమానివి, ఒకదాన్ని మించి ఒకటి ముసలివి. బ్రేకు మొదటిసారి తొక్కితే పట్టేది కాదు, రెండోసారికో మూడోసారికో దయతలిచేది. డ్రైవర్లు చెప్పీ చెప్పీ అలిసిపోయారు. యజమాని 'చూద్దాం' అనే ఒక్క మాటతో ఏడాది గడిపేశాడు. చివరికి నీళ్ళ ట్యాంకు దిగుడులో ఒక బస్సు ఎంత తొక్కినా ఆగక, కింద కుర్చీలమ్మే దుకాణంలోకి దూసుకుపోయింది. అదృష్టం కొద్దీ ఎవరి ప్రాణమూ పోలేదు. దుకాణదారు కాలు విరిగింది. బస్సు నడిపినవాడు పొడుగు డ్రైవరు. లా పాయింటు తండ్రికి ప్రాణస్నేహితుడు, ఆమె నోరారా బాబాయి అని పిలిచే మనిషి. తప్పంతా నీదేనని యజమాని మర్నాడే అతన్ని పన్లోంచి తీసేశాడు.

సమ్మె చేయాల్సిందేనని సగం మంది లేచారు. వాళ్ళ ముందు నిలబడింది ఆమె తండ్రి. చేస్తే నోటి దగ్గర కూడు పోతుందని మిగతా సగం మంది వెనక్కి లాగారు. వాళ్ళకు పెద్ద, షెడ్డులోకెల్లా పాత డ్రైవరు. మాటకు ముందొక 'నిదానం', మాటకు వెనకొక 'నిదానం' అంటాడు కాబట్టి ఆయన పేరే నిదానం అయిపోయింది. పిరికివాడని అనడానికి లేదు. భార్యకు మందులు నాలుగు రోజులు ఆగితే మనిషి మంచంలోంచి లేవదు. సమ్మె మొదలైన మర్నాడే యజమాని కొత్త డ్రైవర్లను దింపుతాడని ఆయన భయం. ఆ భయంలో అబద్ధమేమీ లేదు.

రెండుసార్లు మీటింగు పెట్టారు. రెండుసార్లూ కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న దగ్గరే కాలర్లు పట్టుకున్నారు. అప్పుడు నిదానమే అన్నాడు. "ఎందుకీ కొట్లాట? నిదానంగా ఆలోచించండి. లా పాయింటుని కూర్చోబెడదాం. దానికి ఈ సభలూ గిభలూ తెలుసు. తండ్రికైనా తలొగ్గే రకం కాదు." తండ్రి పక్షం వాళ్ళు లోలోపల సంబరపడ్డారు. ఎంతైనా రక్తం కదా అనుకున్నారు.

ఆ అమ్మాయి మేడమ్ దగ్గరికి పరిగెత్తింది. కళ్ళల్లో వెలుగు చూసి మేడమ్ నవ్వలేదు.

"ఎవరి తరఫున కూర్చుంటున్నావు?"

"ఎవరి తరఫునా కాదు మేడమ్."

"ఎందుకు?"

"రెండు పక్షాలూ నమ్మాయి కాబట్టి."

"ఎందుకు నమ్మాయి?"

ఈసారి ఆమె రెండో 'ఎందుకు' దగ్గరే ఆగిపోయింది. మేడమ్ మెల్లగా, "జాగ్రత్తమ్మా. ఇక్కడ తప్పు చేస్తే మార్కులు పోతాయి. అక్కడ పోయేవి వేరే" అంది. అమ్మాయి తలూపింది గాని, మనసప్పటికే కుర్చీలో కూర్చుంది.

సెలవురోజు మధ్యాహ్నం షెడ్డులో మీటింగు. పాత టైర్ల మీదా, తిరగేసిన డబ్బాల మీదా డ్రైవర్లు. బస్సులు వాళ్ళ వెనక వరసగా నిలబడి ఉన్నాయి. ఆయిలు వాసనకు కళ్ళు మండుతున్నాయి. లా పాయింటు లేచి నియమాలు చెప్పింది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అందుకోకూడదు. తిట్లు కుదరవు. ఓటు రహస్యంగా, చీటీల మీద. ఓట్లు సమానమైతే అధ్యక్షురాలిది నిర్ణాయక ఓటు. అందరూ సరే, సరే అన్నారు. ఆ చివరి ముక్క ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఇక్కడే అమ్మాయి పప్పులో కాలేసింది. చట్టసభలో అధ్యక్షుడు కూడా గెలిచొచ్చిన సభ్యుడే. ఈమె ఏనాడూ స్టీరింగు ముట్టిన మనిషి కాదు. మామూలు మనిషెవరైనా అయితే, సమానంగా వస్తే మళ్ళీ కూర్చుని మాట్లాడుకుందాం అని ఊరుకునేవాడు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించేసి, నలభై కుటుంబాల బతుకు తెచ్చి తన గుప్పిట్లో పెట్టుకోవడం పొలిటికల్ సైన్సు మూడో ఏడు చదివేవాళ్ళకే చేతనవుతుంది. సమానంగా వస్తుందని ఆమె అనుకోలేదు. ఓట్లు సమానంగా రావడం పరీక్ష ప్రశ్నల్లో తప్ప ఎక్కడా చూడలేదు.

నిదానం లేచి తన భార్య గురించి చెప్పాడు. గొంతు పెంచలేదు. తర్వాత తండ్రి లేచాడు. పొడుగు డ్రైవరు వైపు చెయ్యి చూపిస్తూ మొదలుపెట్టి, యజమాని దాకా వెళ్ళి, తర్వాత నిదానం మీదికి మళ్ళాడు. "కొందరు గోడ మీద పిల్లులు..." అనగానే కూతురు చేతిలోని స్పానరుతో రేకు మీద ఠంగుమని కొట్టింది.

"సభ్యులు కూర్చోవాలి."

షెడ్డంతా గొల్లుమంది. తండ్రి ఆమె వైపు చూసి, నోరు తెరిచి, మూసి, టైరు మీద కూలబడ్డాడు. నవ్వు ఆగాక కూడా అతని చెవులు ఎర్రగానే ఉన్నాయి.

రెండు పక్షాలనుంచీ చెరొకరు వచ్చి చీటీలు లెక్కపెట్టారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని మళ్ళీ లెక్కపెట్టారు. సమానం. అమ్మాయి చీటీలు తన ముందుకు లాక్కుంది. మూడోసారి తనే లెక్కపెట్టింది. సమానమే.

"మరిప్పుడేంటి?" అన్నాడెవరో.

"అధ్యక్షురాలు వెయ్యాలిగా. అమ్మాయి ముందే చెప్పింది" అన్నాడు పొడుగు బాబాయి. అతని మొహంలో చాలా రోజులకు వెలుగొచ్చింది.

అందరూ ఆమెనే చూస్తున్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సమ్మె అంటే, బస్సు నడపని మనిషి ఒక్క మాటతో సగం మందిని వాళ్ళ ఇష్టం లేకుండా రోడ్డు మీదికి ఈడ్చినట్టు. వద్దంటే, రేపు పొద్దున తండ్రి ఆ బస్సెక్కుతాడు. ఆ దిగుడు దిగుతాడు. సమ్మెకు సరే అనేసి ఇంటికి పోదామని ఆమె ప్రాణం కొట్టుకుంది. తండ్రి కళ్ళెత్తి కూతుర్ని చూశాడు. అడగడం లేదు, కూతురు తనవైపే అన్న ధీమాతో చూస్తున్నాడు. ఆ చూపే ఆమెను బిగుసుకుపోయేలా చేసింది. ఇప్పుడు అవునంటే, అది అధ్యక్షురాలి ఓటు కాదు, డ్రైవరు కూతురి ఓటు.

"ఉన్నది ఉన్నట్టే ఉండటానికి నా ఓటు" అంది. "సమ్మె తీర్మానం వీగిపోయింది. దీని అర్థం సమ్మె తప్పని కాదు. సభలో ఏ పక్షానికీ ఎక్కువమంది లేనప్పుడు అధ్యక్షురాలు తన ఓటుతో ఎక్కువ చెయ్యకూడదు. వచ్చే మీటింగులో మళ్ళీ పెట్టుకోవచ్చు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గెలిచినవాళ్ళు కూడా. నిదానం తలవంచుకుని చెప్పుల కోసం వెతుక్కున్నాడు. పొడుగు బాబాయి లేచి ఆమె పక్కనుంచే నడుస్తూ, "బాగా చదువుకున్నావమ్మా" అన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఇంటికి వచ్చాక తండ్రి ఆమెతో మాట్లాడలేదు. ఏదున్నా తల్లితోనే. "మీ అమ్మాయిని తినమను" అన్నాడు. "మీ అమ్మాయిని ఆ లైటు ఆర్పమను" అన్నాడు. పుట్టినప్పటినుంచీ 'మా అమ్మాయి'గా ఉన్నది ఒక్క మధ్యాహ్నంలో తల్లి వాటాకు వెళ్ళిపోయింది.

తల్లి వంటింట్లో గిన్నెలు సర్దుతూ, "అదేం రూలే, మీ నాన్న కంటే ఎక్కువా?" అంది.

"నాన్న వైపే వేస్తే మిగతావాళ్ళను మోసం చేసినట్టు కాదా అమ్మా? నన్ను నమ్మి కూర్చోబెట్టారు."

"అదీ నిజమే" అంది తల్లి. ఒక గిన్నె తుడిచి, మళ్ళీ అదే గిన్నె తుడిచింది. "వచ్చే మీటింగు దాకా ఆ బ్రేకులు ఓపిక పడతాయా మరి?"

అంత పెద్ద సెమినారు పత్రంలో ఆ మధ్య రోజుల గురించి ఒక్క వాక్యం లేదు. సభ మళ్ళీ కూడేదాకా ఉన్నది ఉన్నట్టు ఉంటుందని రాసి ఊరుకుంది. ఉన్నది ఉన్నట్టు ఉండటం అంటే రోజూ పొద్దున ఒకరు వెళ్ళి ఆ సీట్లో కూర్చోవడమని అప్పుడు తట్టలేదు.

పొద్దున్నే తండ్రి టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. యూనివర్సిటీకి ఆమె ఎప్పుడూ ఎక్కే బస్సు వేరు, అది చుట్టూ తిరిగి చదును దారిలో వెళ్తుంది. ఆ రోజు పుస్తకాల సంచీ తగిలించుకుని తండ్రి బస్సు వచ్చే స్టాపులో నిలబడింది. బస్సు రాగానే ఎక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. కండక్టరు ఒక పెద్దావిడ, ఆమె అత్తా అని వరస పెట్టి పిలిచే మనిషి. ఆవిడ తండ్రినీ కూతుర్నీ మార్చి మార్చి చూసి, టిక్కెట్టు చింపి చేతిలో పెట్టి గబగబా వెనక్కి వెళ్ళిపోయింది.

తండ్రి అద్దంలో చూశాడు. కాసేపు నడిపాడు. మళ్ళీ చూశాడు. ఒక స్టాపులో జనం ఎక్కుతుంటే వెనక్కి తిరక్కుండానే, మీటింగు తర్వాత మొదటిసారి కూతురితో మాట్లాడాడు.

"దిగు."

"దిగను నాన్నా."

"ఇది మీ కాలేజీ దారి కాదు."

"ట్యాంకు దిగుడు దాటితే పది అడుగులు నడిస్తే చాలు."

"చెబుతుంటే నీక్కాదూ? దిగు."

"నేనేసిన ఓటుకే కదా నువ్వివాళ ఈ బస్సు తీశావు. నేను ఎక్కకుండా ఎలా ఉంటాను?"

తండ్రి గేరు వేశాడు. బస్సు కదిలింది. వెనక సీట్లోంచి ఆమెకు అతని కాలు కనిపిస్తోంది. ముందు ఆటో ఆగితే కాలు పెడలు మీదికి వెళ్ళింది, నొక్కింది, బస్సు ఆగలేదు. కాలు లేచింది, మళ్ళీ నొక్కింది, మళ్ళీ నొక్కింది. అప్పుడు బస్సు ఒళ్ళు విరుచుకున్నట్టు మూలిగి ఆగింది. ఆటో వెనక అద్దానికీ బస్సుకూ మధ్య చెయ్యి దూరేంత చోటు. బస్సులో ఎవరూ తలెత్తలేదు. ఒకాయన పేపరు తిరగేసుకున్నాడు. వాళ్ళకు ఇది రోజూ ఉండేదే. ఆమె చూపు మాత్రం ఆ కాలి మీదే ఉండిపోయింది. ఇన్నేళ్ళుగా ఈ కాలు ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పడం చూసింది గాని, పగలంతా ఏం చేస్తుందో ఎన్నడూ చూడలేదు.

జనం నిండారు. స్కూలు సంచీలు, ఆఫీసు సంచీలు, ఆసుపత్రికి వెళ్ళే ముసలాయన. తండ్రి మెడ మీద చెమట ధారకట్టి కాలరు తడిసింది. అద్దంలోకి చూడటం మానేశాడు. తర్వాత చూడకుండా ఉండలేకపోయాడు. నీళ్ళ ట్యాంకు వచ్చింది. అక్కణ్ణుంచి రోడ్డు నిట్టనిలువుగా బజారులోకి దిగుతుంది. కింద దుకాణాలు తెరిచి సామాను బయట పెట్టుకుంటున్నారు. మామూలుగా అక్కడ రెండో గేరులో వేసి, కళ్ళు రోడ్డుకు అప్పగించి మెల్లగా దింపుతాడు. ఆమె ముందు కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది.

బస్సు అంచు దగ్గరికి వచ్చి ఆగింది. తండ్రి చేతిబ్రేకు లాగాడు. గేరు వేసి ఉంచి, ఇంజను ఆపేశాడు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి కూర్చున్నాడు.

"ఏమైందన్నా?" అని కండక్టరు ముందుకొచ్చింది.

"అందర్నీ దింపమ్మా. రాళ్ళు తెచ్చి చక్రాల కింద పెట్టించు. నేనిది దింపలేను."

బస్సులో గోల మొదలైంది. ఆలస్యమైపోతోందని ఒకరు, డబ్బులు వాపసివ్వమని ఒకరు. వెనక ఇంకో బస్సు వచ్చి హారను మోగించింది. దాని డ్రైవరు నిదానం. ఎంతకీ కదలకపోయేసరికి ఆయన దిగి నడుచుకుంటూ వచ్చి, డ్రైవరు తలుపు పక్కన నిలబడ్డాడు. డ్రైవరు వెనక సీట్లో కూర్చున్న లా పాయింటుని చూశాడు.

అప్పుడే ముందు వరసలోని ఒకావిడ, స్కూలు బట్టల్లో ఉన్న కూతుర్ని చెయ్యి పట్టుకుని లేపుతూ, "నిన్నటిదాకా బాగానే దించావుగదయ్యా. ఇవాళేమొచ్చింది కొత్తగా?" అంది.

తండ్రి ఆవిడ వైపు తిరిగాడు. అబద్ధం చెప్పడానికి ఓపిక లేదు.

"నిన్నటిదాకా మా అమ్మాయి ఎక్కలేదమ్మా."

ఆవిడకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మొహంలో రంగు మారింది. పిల్లను దగ్గరికి లాక్కుంది.

"మా అమ్మాయి రోజూ ఎక్కుతుందయ్యా" అంది.

తండ్రి తల స్టీరింగు మీదికి వాలిపోయింది. ఏడుస్తున్నాడో లేదో వెనకనుంచి తెలియలేదు. లా పాయింటుకు లేచి అతని భుజం మీద చెయ్యి వేయాలని ఉంది, వేయలేకపోయింది. నిన్న తను తప్పు చేయలేదని ఆమెకు ఇప్పటికీ తెలుసు. అయినా ఆ స్కూలు పిల్ల మెట్లు దిగుతూ తనవైపు చూస్తే, ఆ పిల్ల కళ్ళలోకి చూడలేకపోయింది.

నిదానం అంతా విన్నాడు. ఎత్తు మీంచి కింద బజారుని కాసేపు చూశాడు, దిగుతున్న జనాన్ని చూశాడు. తర్వాత తన బస్సు దగ్గరికి నడిచి వెళ్ళి, లోపలికి ఎక్కి, ఇంజను ఆపి తాళం తీసుకుని దిగాడు. ఆయన వెనక వచ్చిన బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏంటి, సమ్మె వీగిపోయిందిగా?" అని అరిచాడు. నిదానం తాళం జేబులో వేసుకుని, తన బస్సులోని జనాన్ని ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి దింపడం మొదలుపెట్టాడు.